సిలికాన్ ఇంట్లో గుసగుస ఎందుకు ఆగదు

ఒకప్పుడు సిలికాన్ వాళ్ల ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, చీమ చిటుక్కుమన్నా వినిపించేది. సిలికాన్ వాళ్లకు తలా నాలుగు చేతులు. ఒకరి చేతులొకరు పట్టుకుని బారులు తీరి నిలబడితే అదే వాళ్ల ఇల్లు.

ఆ ఇంట్లో మిణుకు అనే ఎలక్ట్రాన్ పిల్ల ఉండేది. దాని ముందు ఆవగింజ కూడా కొండంత. పొద్దస్తమానం బొంగరంలా తిరుగుతూ ఉండేది.

ఇంటికి పెద్ద సిలికాన్ అవ్వ. ఆమెకు పొడుపుకథలంటే ప్రాణం. పెద్ద పొడుపుకథ ఒకటి కట్టి, దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో ఎలక్ట్రాన్ చెవిలో చెప్పేది. తూలకుండా తిరిగినంతసేపూ ముక్క గుర్తుంటుంది. తూలితే మరిచిపోయినట్టే. సాయంత్రం అవ్వ వచ్చి ముక్కలన్నీ అడిగి, కలిపి, కథ విప్పేది.

అయితే ఆ ఇంటికి కప్పు లేదు. పైనుంచి దుమ్మూ తేమా పడి పైవరుస వాళ్లకు ఒకటే ఇబ్బంది. అవ్వ గాలిలో ఉండే ఆక్సిజన్ మామను పిలిచింది. ఆయన బలగంతో వచ్చాడు. వాళ్లకు తలా రెండు చేతులు. పైవరుస వాళ్ల చేతులు పట్టుకుని గట్టి కప్పయి కూర్చున్నారు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

మర్నాడు మిణుకు తూలింది. కాసేపాగి మళ్లీ తూలింది.

సాయంత్రం అవ్వ వచ్చి, "నీ ముక్క చెప్పు తల్లీ" అంది.

"మరిచిపోయాను అవ్వా."

అవ్వ దాని తల నిమిరి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది మిణుకుకు.

సంగతేమిటో చూద్దామని అది కప్పు దగ్గరికి పోయింది. సిలికాన్ వాళ్లు తిన్నగా నిలబడతారు, ఆక్సిజన్ వాళ్లు వంకరటింకరగా కూర్చుంటారు. అందుకని అక్కడక్కడా ఒక్కో చెయ్యి జత లేకుండా మిగిలిపోయింది. ఇల్లూ వాకిలీ లేని ఎలక్ట్రాన్లు ఆ చేతులు పట్టుకుని కూర్చుంటున్నాయి, మళ్లీ లేస్తున్నాయి. అవి కూర్చున్నప్పుడల్లా, లేచినప్పుడల్లా ఆ కుదుపు తగిలి మిణుకు తూలుతోంది.

"ఒకచోట కుదురుగా కూర్చోకూడదా?" అని అడిగింది మిణుకు.

"మాకూ కూర్చోవాలనే ఉందక్కా. తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాయి. ఈ వేడి వచ్చి కుదిపి లేపేస్తోంది" అంది ఒకటి.

మిణుకు హైడ్రోజన్ తాతను పిలుచుకొచ్చింది. ఆయన వాళ్లకు తలా ఒకటే చెయ్యి. జత లేని చేతుల్ని వెతికి వెతికి పట్టుకున్నారు. చాలావరకు సర్దుకుంది. కానీ మూలమూలల్లో కొన్ని దొరకనేలేదు.

"పోనీ, కప్పు తీయించేద్దామా? నువ్వు ఊఁ అంటే తీయిస్తాను" అంది అవ్వ.

మిణుకు పైకి చూసింది. ఒక ఎలక్ట్రాన్ చెయ్యి పట్టుకుని కునుకు తీస్తోంది.

"వద్దవ్వా. వీళ్లెక్కడికి పోతారు? పైగా దుమ్ము మళ్లీ పడుతుంది. చలి పెద్దమ్మను పిలుద్దాం."

చలి పెద్దమ్మ వచ్చి నెమ్మదిగా ఇల్లంతా పరుచుకుంది. వేడి బయటికి నడిచింది. కూర్చున్నవి కూర్చున్నట్టే ఉండిపోయాయి. ఎప్పుడో ఒకసారి ఒకటి లేస్తుంది, అంతే.

అవ్వ కూడా సాయంత్రం దాకా ఆగడం మానేసింది. ముక్క చెప్పి, గబగబా ఒక చుట్టు తిరిగొచ్చి అడిగేసేది. ఆ రోజు మిణుకు తన ముక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది. కథ విడిపోయింది. అవ్వ నవ్వుతుంటే బారులన్నీ సన్నగా ఊగాయి.

అప్పటినుంచే, మూలల్లో ఎప్పుడో ఒకటి లేచి కూర్చునే ఆ అలికిడి సిలికాన్ లోపల సన్నటి గుసగుసగా మిగిలిపోయింది. ఎలక్ట్రాన్ల తిరుగుడులో లెక్కలు దాచే క్వాంటం కంప్యూటర్లు కట్టేవాళ్లు వాటిని మంచుకన్నా ఎంతో చల్లటి చోట ఉంచుతారు, జవాబు తొందరగా అడిగేస్తారు. ఆ గుసగుస మాత్రం ఈనాటికీ పూర్తిగా ఆగలేదు.