నున్నటి నీళ్లు ఎంచుకున్న నక్క

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, సరుగుడు తోటకూ అలలకూ మధ్య, నీటికుక్కల గూడెం ఒకటుండేది. ఎన్ని తరాలుగా ఉందో ఎవరికీ తెలియదు. అక్కడి పిల్లలు నడక కంటే ముందు ఈత నేర్చేవారు. నడక సరిగ్గా నేర్చుకోనివాళ్లు కూడా కొందరున్నారు.

కార్తీకం వచ్చిందంటే మేకలు, గాడిదలు, కోళ్లు పై ఊళ్ల నుంచి సముద్ర స్నానానికి దిగేవి. పోయినేడు ఒక గాడిద అలల్లో చిక్కి, చావు తప్పి కన్ను లొట్టపోయి బయటపడింది. దాంతో జంతువులన్నీ కూడి తీర రక్షక దళం పెట్టుకున్నాయి. ఎద్దు పెద్దరికానికి, నక్క కెప్టెన్ పదవికి ఎన్నికయ్యాయి. నక్క ఎన్నికకు కారణం ఈత కాదు. తోటలో ఎవరో పారేసుకున్న ఈల దానికి దొరికింది.

దళంలో ఉన్నది నక్క మేనల్లుళ్లు ఐదుగురే. పొద్దున్నే ఇసుకలో చెడుగుడు ఆడేవారు. తర్వాత వరసలో నిలబడి ఈల ఊదితే కుడికి, మళ్లీ ఊదితే ఎడమకు తిరిగేవారు. బొచ్చు తడుస్తుందని సముద్రానికి ఇరవై అడుగుల దూరం తప్పకుండా పాటించేవారు.

పండగ నెల మొదటి రోజున నక్క ఒక నిబంధన చాటింది: "దళంలో లేనివారు స్నానానికి తప్ప సముద్రంలో దిగరాదు. భద్రత కోసం."

నీటికుక్కలు దిగకపోతే ఒడ్డు గుంటల్లో మిగిలే చేపలు ఎవరి నోట పడతాయో చెప్పనక్కర్లేదు. గూడెం మాత్రం ఆ రోజు పస్తులుంది. సాయంత్రానికి నూకాలు అనే పడుచు నీటికుక్క నలుగురు నేస్తాలను వెంటేసుకుని నక్క దగ్గరికొచ్చింది.

"నక్క మావా, మమ్మల్నీ దళంలో సేర్సుకో."

"రండి, రండి! ఈ తీరపు యువతను ప్రోత్సహించాలన్నదే నా ఆశయం. ఆ చివరి సరుగుడు చెట్టు దాకా పరిగెత్తి రండి చూద్దాం."

"సెట్టు దాకానా? మునిగిపోయేవోడు సెట్టెక్కుతాడేటి?"

"నిబంధన, పిల్లా. నిబంధనకు ఎదురు ప్రశ్న ఉండదు."

పరిగెత్తారు. ఇసుకలో నీటికుక్క పరుగు చూసినవారికే తెలుస్తుంది. ముందు కాళ్లది ఒక దారి, వెనక కాళ్లది ఇంకో దారి. నూకాలు మూడుసార్లు బోర్లా పడింది. మేనల్లుళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"మళ్లీ ఏడాది ప్రయత్నించండి," అంది నక్క ఎంతో జాలిగా. ఆ పూటే ఎద్దు దగ్గరికెళ్లి, "ఎంత ప్రోత్సహించినా గూడెం కుర్రకారుకు ఆసక్తి లేదండీ," అని విన్నవించింది.

నక్క అటు వెళ్లగానే నూకాలు ఇటు వచ్చింది.

"పెద్దయ్యా, నీళ్లలో సేసే పనికి నేల మీద పరీక్షేటి? మీ అరక దున్నే పనికి సెట్టెక్కమంటే ఎక్కుతారా?"

ఎద్దు నెమరు ఆపింది. అది నెమరు ఆపడమే పెద్ద విషయం.

"నక్కా, ఇటు రా. రేపు నీళ్లలోనే పందెం. అదిగో, నీళ్లలో తేలుతున్న ఆ వలబెండు దాకా ఈది, దానికి కట్టించే తాటిబొండాన్ని విప్పి తెచ్చినవారే కెప్టెన్. వారి మాటే నిబంధన."

నక్క అలల వైపు ఓసారి చూసి తలూపింది. "చిత్తం. ఎవరు ఎక్కడ దిగాలో చెప్పే హక్కు మాత్రం ఇప్పటి కెప్టెన్‌దే."

తెల్లారింది. నక్క సముద్రాన్ని పరిశీలనగా చూసింది. ఎడమ వైపు అలలు నిలువెత్తు లేచి ధబీమని విరుగుతున్నాయి. కుడి వైపు, మొగకు దగ్గరగా, నీళ్లు చాప పరిచినట్టు నున్నగా ఉన్నాయి. నురగ లేదు, చప్పుడు లేదు.

"నూకాలూ, నువ్వు కుర్రదానివి, ఎడమ వైపు దిగు. అలలంటే సరదా కదా! నేను వయసు మళ్లినవాణ్ణి, ఈ మూల సర్దుకుంటాను."

నూకాలు నున్నటి నీళ్ల వైపు చూసింది. నోరు మూసుకుంటే పందెం తనది, గూడెం తిండి తనది. కానీ నోరు ఊరుకోలేదు.

"మావా, అటు దిగకు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోయే దారది. అందుకే అక్కడ అల విరగదు. లాక్కుపోతాది."

నక్క మేనల్లుళ్ల వైపు తిరిగి కన్ను గీటింది. "విన్నార్రా? మంచి చోటు నాకు దక్కిందని దీని కడుపుమంట. తాతకు దగ్గులు నేర్పుతోంది!"

"ఒట్టు మావా!"

"ఒట్టు వేసిందంటే అబద్ధమే. నేనైతే అలాగే వేస్తాను."

"పోనీ, నడుముకి తాడు కట్టుకుని దిగు."

"కట్టుకుంటాను, మీవాళ్లు పట్టుకుని వెనక్కి లాగుతారు!"

నూకాలు ఎద్దు వైపు చూసింది. "చెప్పావు కదమ్మా," అంది ఎద్దు. "వినాల్సిన చెవులు ఆయనవి."

ఇద్దరూ దిగారు. నక్క నాలుగు బారలు వేసిందో లేదో, ఒడ్డు వెనక్కి పరిగెత్తడం మొదలుపెట్టింది.

"మా మావయ్యది ఈతా, పడవా!" అని మేనల్లుళ్లు గంతులేశారు.

నక్క కూడా అలాగే అనుకుంది. తనలో ఇంత ఈత ఉందని తనకే ఇన్నాళ్లూ తెలియనందుకు కొంచెం బాధపడింది కూడా. అంతలో బెండు పక్క నుంచి దాటిపోయింది.

"బెండు ఇటుంది మావయ్యా!"

నక్క వెనక్కి తిరిగి కాళ్లాడించింది. కాళ్లు కదిలాయి, ఒడ్డు కదల్లేదు. అప్పుడు పెట్టింది ఊళ.

దళం క్షణం ఆలస్యం చేయలేదు. వరసలో నిలబడింది. పెద్ద మేనల్లుడు ఈల ఊదాడు, కుడికి తిరిగారు. మళ్లీ ఊదాడు, ఎడమకు తిరిగారు. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లకెవరూ నేర్పలేదు.

నూకాలు అప్పటికే అలల కింది నుంచి దూసుకెళ్లి బెండు చేరింది. తాటిబొండం తాడు పళ్ల మధ్య ఉంది. ఊళ విని తాడు వదిలేసింది. నున్నటి నీళ్లలోకి తనే జారి, అదే లాగుడు మీద క్షణంలో నక్కను అందుకుంది.

"ఒడ్డుకేసి కొట్టకు మావా, అలిసిపోతావు. పక్కకి రా!"

"ఒడ్డు అటుంటే పక్కకు పొమ్మంటావా? నన్ను ముంచడానికేగా..." మిగతా మాట ఉప్పునీళ్ల పాలైంది.

"సరే, నాది అబద్ధమే అనుకో. నీ తెలివితో ఎంత దూరం వొచ్చావో సూసుకో."

నక్క చూసుకుంది. ఒడ్డు మీద ఎద్దు మేకంత కనిపించింది, మేకలు కోళ్లంత. బతికుంటే బలుసాకు తినొచ్చనుకుని నూకాలు తోక పట్టుకుంది. పాతిక బారలు పక్కకు ఈదేసరికి నీళ్లు వాటంతటవే పట్టు విడిచాయి. నూకాలుకు కష్టం కావాలని నక్క కేటాయించిన అలలే ఇద్దరినీ మోసుకొచ్చి ఇసుకలో మూటల్లా పడేశాయి.

నక్క నీళ్లు కక్కింది. చుట్టూ జనాన్ని చూసింది. నూకాలు చేతుల్లో బొండం లేకపోవడం చూసింది. వెంటనే గొంతు సవరించుకుంది.

"పెద్దయ్యా, బొండం తనూ తేలేదు, నేనూ తేలేదు. పందెం సమానం. నిజానికి మునిగినట్టు నటించి పిల్లను పరీక్షించాను. ఫరవాలేదు, ప్రోత్సహించవచ్చు."

"ఆహా, ఎంత బాగా నటించావు!" అంది ఎద్దు. "వెనకున్న కోళ్లకు సరిగా కనపడలేదట. అదే చోట ఇంకోసారి నటించు."

నక్క నున్నటి నీళ్ల వైపు చూసింది. ఎద్దు కొమ్ముల వైపు చూసింది. చివరికి తల వంచుకుని, "కెప్టెన్ నూకాలమ్మ దిగమంటే దిగుతాను," అంది.

"దిగొద్దు మావా," అంది నూకాలు. "ముందు ఈత నేర్సుకో."

నీళ్లలో దిగరాదన్న నిబంధన ఆ క్షణమే పోయింది. మర్నాటి నుంచి శిక్షణ నీళ్లలోనే, అదీ గూడెం వేట ముగిశాక. నేర్పేది నీటికుక్క పిల్లలు. నక్క ఆఖరి వరసలో, మొలలోతు నీళ్లలో, మేనల్లుళ్ల పక్కన వణుకుతూ పక్కకు ఈదడం నేర్చుకుంటోంది.

నీళ్లలో పుట్టినవాణ్ణి ఈతకు ప్రోత్సహించనక్కర్లేదు, దారికి అడ్డం తప్పుకుంటే చాలు.