పిట్ట వాలని చోటు

ఒక ఊళ్ళో గుడ్డ మీద బొమ్మలు వేసే అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. అక్క తెల్లవారుజామునే లేచి గీతలు గీసేది. చెల్లి పొద్దెక్కాక లేచి రంగులు నింపేది. అన్నీ అయ్యాక చివర్న కళ్ళు మాత్రం అక్కే దిద్దేది. కళ్ళు తెరవని బొమ్మను గోడకు వేలాడదీయకూడదని వాళ్ళింటి ఆనవాయితీ.

వాళ్ళ కలం వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కట్టి ఉంటుంది. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో ఊరబెట్టి తీసిన నలుపులో ఆ ఉన్నిని ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీయాలి. ఆ నలుపు గుడ్డకు అంటుకుందా, ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు.

అక్క బొమ్మల్లో ఎక్కడ చూసినా పిట్టలే. రాజుగారి కిరీటం మీద ఒకటి, ఎద్దు కొమ్ము మీద ఇంకొకటి. "ఇక్కడెందుకే ఈ పిట్ట?" అని చెల్లి అడిగితే, "వాలింది, ఏం చెయ్యమంటావు?" అనేది అక్క. అక్కకు పిట్టలంటే పిచ్చి కాబోలు అనుకునేది చెల్లి.

చెల్లి చెంప మీద, కంటికి కాస్త కింద, ఓ పుట్టుమచ్చ ఉంది. "నీ కన్ను దిద్దేటప్పుడు బ్రహ్మదేవుడికి కలం జారిందే!" అని అక్క ఏడిపించేది. చెల్లి మూతి ముడుచుకునేది.

ఒక వానాకాలం అక్క మంచం పట్టింది. జ్వరంలోనూ తన చాప మీద కూర్చుని, ఒళ్ళో పలక పెట్టుకుని, దాని మీద గుడ్డ పరుచుకుని ఏదో గీస్తూనే ఉండేది. చెల్లి గిన్నెలో కషాయం పట్టుకొస్తే, "కాసేపు అక్కడే ఉండవే, లోపలికి రాకు," అనేది. తన జ్వరం నాకెక్కడ అంటుకుంటుందోనని భయపడుతోంది అనుకుని చెల్లి గుమ్మంలోనే నిలబడిపోయేది. అలా నిలబడి ఉండగానే ఆ వానాకాలం అయిపోయింది. అక్క కూడా వెళ్ళిపోయింది.

ఆ ఆఖరి గుడ్డ ఒక్కటీ మిగిలింది. దాని మీద ఒక ఇల్లు, ఇంటికి గుమ్మం, గుమ్మంలో చేత గిన్నె పట్టుకున్న ఆడమనిషి. చుట్టూ తీగలు, తీగల నిండా పిట్టలు. ఆ మనిషి ముఖంలో కళ్ళు మాత్రం లేవు. రోజూ పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు పెట్టేది అక్కే కాబట్టి, అది ముగ్గుగిన్నె అనీ, ఆ మనిషి అక్కే అనీ చెల్లి నమ్మింది. ఆ కళ్ళు దిద్దితే అక్కను గోడ మీద చూసుకోవచ్చు. తప్పు దిద్దితే అక్క చేతి చివరి గీతలు పాడైపోతాయి. ఆమె గుడ్డను మడిచి పెట్టెలో పెట్టేసింది.

ఆ రోజుల్లోనే అద్దాల పలకలు అమ్మే ఒకాయన ఆ ఊరు వచ్చాడు. గుడ్డకు ఎదురుగా పలకను పట్టుకుంటే బొమ్మంతా దానిలోకి ఎక్కేది.

"ఇందులో తప్పన్నదే ఉండదమ్మా," అన్నాడు అద్దాలాయన. "రెండు వేళ్ళతో ఇలా తట్టు. గీసింది వెనక్కి పోతుంది."

"ఎంత వెనక్కి?"

"ఎంత కావాలంటే అంత."

"పోయిన వానాకాలం దాకా పోతుందా?"

అద్దాలాయన పలకను ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

చెల్లి ఆ ఆఖరి గుడ్డ బొమ్మను అద్దంలోకి ఎక్కించి, అందులో వేలితో కళ్ళు దిద్దడం మొదలుపెట్టింది. దిద్దడం, చూసుకోవడం, రెండు వేళ్ళతో తట్టడం. చెయ్యి బాగా తిరిగింది. ఒక కన్నును మించి ఇంకొకటి అందంగా వచ్చేది. కానీ ఒక్కటీ అక్కది కాదు. అక్క చూపు కోసం ఆమె కళ్ళు కాయలు కాచాయి.

ఏడాది తర్వాత అద్దాలాయన మళ్ళీ వచ్చాడు. "బొమ్మ అయిందా అమ్మా?"

"వెయ్యి అయ్యాయి. ఒక్కటీ కాలేదు."

"పెద్దది చేసి చూశావా?" అంటూ అతను అద్దం మీద రెండు వేళ్ళు ఆనించి దూరంగా జరిపాడు. తీగ మీద పిట్ట అరచేయంత అయింది.

పిట్ట పొట్టలో ఒక చుక్క ఉంది. చుట్టూ ఉన్న గీతలకన్నా చిక్కటి నలుపు, కలం జారి పడ్డ చుక్క. దాని చుట్టూ తర్వాత ముక్కూ రెక్కలూ తోకా మొలిచాయి. చెల్లి ఇంకో పిట్టను పెద్దది చేసింది. అక్కడా చుక్కే. చూరు మీద పిట్టలోనూ చుక్కే. ఒక్క పిట్ట కూడా ఊరికే వాలలేదు.

"ఇన్ని తప్పులు చేశావటే అక్కా!" అని చెల్లి పకపకా నవ్వింది. ఈ గుడ్డ మీద పిట్టలు మరీ ఎందుకు ఎక్కువయ్యాయో అంతలోనే తట్టింది. జ్వరానికి అక్క చెయ్యి ఎంత వణికిందో తలుచుకుని కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే చెల్లి, అక్క కూర్చునే చాప పరిచి దాని మీద గుడ్డ తీసి పెట్టింది. కలం నలుపులో నానుతోంది. పక్కనే అద్దం ఉంది.

"నా దగ్గర తప్పు లేదు," అంది అద్దం.

"నా దగ్గర వెనక్కి లేదు," అంది కలం.

చెల్లి కలమే తీసుకుంది. మొదటి కన్ను ఒక్క ఊపులో వచ్చింది. వెయ్యిసార్లు తిరిగిన చెయ్యి మరి! ఆ సంతోషంలో ఉన్నిని కాస్త గట్టిగా నొక్కింది. కంటి కింద, చెంప మీద, చుక్క జారింది.

చెల్లి వెంటనే రెండు వేళ్ళతో గుడ్డను తట్టింది. మళ్ళీ తట్టింది. చుక్క అక్కడే ఉంది. పిట్టను చేద్దామంటే చెంప మీద ఏ పిట్ట వాలుతుంది?

దిక్కుతోచక అద్దం కేసి తిరిగింది. ఎవరూ ముట్టుకోక అది ఆరిపోయి నల్లగా ఉంది. ఆ నలుపులో ఆమె ముఖం కనిపించింది. కన్ను, కంటి కింద పుట్టుమచ్చ.

చెల్లి గుడ్డ వైపు చూసింది. బొమ్మ చేతిలో ఉన్నది ముగ్గుగిన్నె కాదు.

"కాసేపు అక్కడే ఉండవే, లోపలికి రాకు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆరిన అద్దాన్ని నలుపు కుండకు ఆనించి నిలబెట్టింది. అందులోకి చూస్తూ, తొందరపడకుండా, రెండో కన్ను దిద్దింది.

గుడ్డను అక్క చాపకు ఎదురుగా గోడకు వేలాడదీసింది. ఆ మధ్యాహ్నం అద్దాలాయన వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చి, దాని ముందు ఆగిపోయాడు.

"ఎవరినమ్మా అలా చూస్తోంది?"

"తనను గీస్తున్న మనిషిని," అంది చెల్లి.

అద్దాలాయన వెనక్కి తిరిగాడు. ఖాళీ చాప మీద కలమూ అద్దమూ పక్కపక్కన ఉన్నాయి.