మడుగు జట్టు చందా బుట్ట

గుట్టకీ మడుగుకీ మధ్య చదును నేల ఒకటి ఉంది. వారానికోసారి ఆట అక్కడే. గుట్ట మీద ఉండేవాళ్ళది గుట్ట జట్టు, మడుగు చుట్టూ ఉండేవాళ్ళది మడుగు జట్టు. ఆడేది ఫుట్‌బాలే. అటు రెండు వెదురు బొంగులు, ఇటు రెండు వెదురు బొంగులు, మధ్యలో కొబ్బరిపీచు బంతి, ఈల ఊదడానికి కొంగ మేష్టారు. ఆడేవాళ్ళు జట్టుకి పదకొండు మందే గాని, అరిచేవాళ్ళకి లెక్కాపత్రం లేదు.

గుట్ట జట్టు ఉన్నవాళ్ళ జట్టు. గుట్ట కింద మామిడితోటలో రాలినవన్నీ వాళ్ళవే. పండ్లు చూపించి ఎక్కడెక్కడి ఆటగాళ్ళనో పిలిపించుకుంటారు. మడుగు జట్టుకి ఉన్నదల్లా బురద, నాచు, ఒక వెదురు బుట్ట. ఆట సగంలో ఆ బుట్ట జనం మధ్య తిరుగుద్ది. గుప్పెడు తవుడో, నాలుగు గింజలో, ఏమీ లేకపోతే ఎండుపుల్లో, ఎవరికి ఉన్నది వాళ్ళు వేస్తారు. ఏదైనా సరే, వేసినవాడు ఆ జట్టు వాడి కిందే లెక్క. ఆడమంటే ఆడాలి, గట్టు బాగు చెయ్యమంటే చెయ్యాలి. తాతల నాటి పద్ధతి.

ఆ జట్టుకి పెద్ద దిక్కు బర్రె సింగారి. మొగుడు దున్నపోతు కాలం చేశాక జట్టు ఎవరు చూసుకుంటారని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, "మొహాలు తర్వాత చూసుకుందురు గాని, ముందా బంతికి పీచు చుట్టండి" అని పనిలో దిగింది. అప్పటి నుంచీ అందరికీ సింగారత్తే.

ఇక గుట్ట వాళ్ళ నోరు నక్క పానకాలు. అతను ఆడడు. బంతి తన వైపు దొర్లితే పక్కకి జరుగుతాడు. అతని ఆటంతా నోటితోనే. మడుగు వాళ్ళ మీద ఒక పాట కట్టి గుట్ట పిల్లకాయలందరికీ నేర్పాడు.

"గుట్ట మీద తేనె పట్టు, మడుగు దగ్గర చందా బుట్ట!
పుల్లేస్తే చుట్టమంట, పెంటేస్తే బావంట!
బుట్టలో ఎవడేస్తే వాడే మావాడంట!"

ప్రతి ఆటకీ ఇదే పాట. ఆట మొదలయ్యే ముందు మడుగు జట్టంతా ఆచారం ప్రకారం బురదలో మునిగి లేస్తే, "కొత్త బట్టలు కొనుక్కోలేక రంగేసుకున్నార్రో" అని ఇంకో కేక. కప్పలకి కడుపు మండేది. సింగారికి మాత్రం చెవి మీద ఈగ వాలినంత కూడా ఉండేది కాదు.

"నీకు కోపం రాదా అత్తా?" అని కప్పలు అడిగేయి.

"కోపమొస్తే పాలు తగ్గుతాయి. పనులు చూసుకోండి" అనేది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరినయ్. గుట్ట మీద గడ్డిపరక లేకుండా మాడిపోయింది. పచ్చగా ఉన్నది మడుగు గట్టు ఒక్కటే. గుట్ట వాళ్ళ కన్ను దాని మీద పడింది. సింగారి దూడని మేపడానికి గట్టు అవతలి కొసకి పోయిన పూట చూసి పానకాలు మడుగు దగ్గరికొచ్చాడు.

"ఏంరా కప్పల్లారా, మీది కూడా ఒక జట్టేనా?"

"ఎందుకు కాదు?"

"అయితే గట్టు పందెం కాయండి చూద్దాం. రేపటి ఆట మేం గెలిస్తే గట్టు మాది. గెలవకపోతే ఈ వేసవంతా గట్టు వైపు కన్నెత్తి చూడం. అత్తని అడిగి చెబుతామంటే చెప్పండి, పోయొస్తా. అత్త చాటున దాక్కునే జట్టని పాటలో ఇంకో చరణం కడతా."

కప్పలు గొంతులు ఉబ్బించినయ్. "అత్తనెందుకు అడగాలి? కాశాం పో!"

సింగారి తిరిగొచ్చి విన్నది. కాసేపు నెమరు వెయ్యడం కూడా మర్చిపోయింది.

"ఆ గట్టు పోతే నా దూడ ఏం తింటది? మీరు యాడ గుడ్లు పెడతారు?"

కప్పలు నీళ్ళలోకి చూసుకున్నయ్.

"సరే, అన్న మాట అన్నారు. ఇప్పుడు తల నీళ్ళలో పెట్టుకుంటే ఏమొస్తది? రేపు బాగా ఆడదాం. మన గోలు దగ్గర కొండముచ్చు గాలయ్య ఉన్నంతసేపు మరీ భయం లేదులే."

తెల్లారేసరికి గాలయ్య లేడు. రాత్రికి రాత్రే తన చందా వెనక్కి తీసేసుకుని, గుట్ట వాళ్ళ వైపు కూర్చుని మామిడిపండు జుర్రుకుంటున్నాడు. గుట్ట జట్టుకి గోల్‌కీపరు ముందే ఉన్నాడు. గాలయ్యని పిలిచింది ఆడించడానికి కాదు, మడుగు తరఫున ఆడకుండా చెయ్యడానికి.

"గాలయ్యా, ఇదేం పని?" అంది సింగారి.

"ఏం చెయ్యనత్తా, బంగినపల్లి!" అన్నాడు గాలయ్య, నోటి నిండా పండు పెట్టుకుని.

కొంగ మేష్టారు ఒంటికాలి మీద నిలబడి చెప్పాడు. "సింగారమ్మా, నేను ఈల ఊదే లోపల పదకొండు మంది నిలబడాలి. లేకపోతే ఆడకుండానే ఓడినట్టు. నిలబడేవాడు మీ జట్టులో చందా వేసినవాడై ఉండాలి. రూలు రూలే."

సింగారి చుట్టూ చూసింది. చందా వేసినవాళ్ళలో ఆడగలిగినవాళ్ళంతా ఇప్పటికే ఆటలో ఉన్నారు. మిగిలింది కప్పలు. గోల్లో కప్పని నిలబెడితే బంతి కింద అప్పడమైపోద్ది. అవతల పానకాలు ఒక రాయెక్కి పాట ఎత్తుకున్నాడు. గుట్టంతా అతనితో పాడుతోంది. "బుట్టలో ఎవడేస్తే వాడే మావాడంట!"

సింగారి చెవులు నిక్కబొడుచుకుంది. పాట మొదటిసారి శ్రద్ధగా విన్నది.

"బుట్ట తీసుకురండ్రా" అంది.

"ఇప్పుడా? సగం ఆటకి కదత్తా తిప్పేది?"

"ఇవాళ ముందే తిప్పుదాం. గుట్ట వైపు నుంచి మొదలుపెడదాం."

"వాళ్ళు ఇంకా నవ్వుతారత్తా!"

"నవ్వనీ. మీరు నోరు మూసుకుని నా వెనక రండి."

బుట్ట కొమ్ముకి తగిలించుకుని, తల వంచుకుని, సింగారి పోయి సరిగ్గా పానకాలు ఎదురుగా నిలబడింది. గుట్ట వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

"అయ్యయ్యో, సింగారత్త! మా దగ్గరికే అడుక్కోవడానికొచ్చావా?"

"కష్టకాలం నాయనా. నీకు తోచింది వెయ్యి."

"నాకు తోచింది వేస్తే నువ్వు మొయ్యలేవు!"

"నీ దగ్గర ఏమీ లేకపోతే లేదని చెప్పు, పోతాను. అందరి ముందూ మొహమాటం ఎందుకు?"

ఆ మాట పానకాలుకి ఎక్కడో గుచ్చుకుంది. లేదనడమా, అదీ ఇంతమంది చూస్తుండగా? రాయి మీంచి దూకాడు. గాలయ్య చేతిలోంచి చీకేసిన టెంక లాక్కున్నాడు. దాన్ని పైకెత్తి నాలుగు వైపులకీ చూపించి, పెళ్ళిలో చదివింపులు చదివినట్టు గొంతు సాగదీశాడు.

"గుట్ట వాస్తవ్యులు నక్క పానకాలు గారు, మడుగు జట్టు వారికి, ఒక మామిడి టెంకా...!"

టెంక బుట్టలో పడింది. గుట్టంతా ఈలలు. నేనూ వేస్తా, నేనూ వేస్తా అని ఒకరి మీద ఒకరు పడి వస్తుంటే, సింగారి బుట్ట పక్కకి లాక్కుంది.

"చాలు చాలు. మాకు ఒక్కడే తక్కువ."

పానకాలు నవ్వు సగంలో ఆగింది. "అంటే?"

"అంటే, పోయి గోల్లో నిలబడు నాయనా. ఎండెక్కుతోంది."

"నేనా? టెంక కూడా చందాయేనా? మేష్టారూ, ఇదేం అన్యాయం!"

కొంగ మేష్టారు రెండో కాలు కూడా కింద పెట్టాడు. అంత ముఖ్యమైన తీర్పన్నమాట. "ఏమయ్యా, పుల్లేసినా చుట్టమేనని, వేసినవాడు వాళ్ళవాడేనని ఇంతకాలం మా చెవులు హోరెత్తేట్టు చెప్పింది ఎవరు? నువ్వు కాదూ? నీకు తెలియదంటే నేను నమ్మాలా? ఆట రోజున వేసిన చందా వెనక్కి తీసుకోవడానికి లేదు. వేసి ఆడనన్నవాడు మళ్ళీ ఈ నేల మీద కాలు పెట్టకూడదు. నీ ఇష్టం."

పానకాలు గుట్ట జనం వైపు చూశాడు. ఇక్కడికి రాకపోతే తను అరిచేది యాడ? వినేదెవరు? అంతలో ఏదో తట్టి, కన్ను మెరిసింది. గుట్ట కుందేలు చిట్టిబాబు దగ్గరికి పోయి చెవిలో గుసగుసలాడాడు. "ఒరే, ఇంతకంటే మంచి బేరం ఉందా? గోల్లో ఉండేది నేనే. నువ్వు కొట్టు, నేను జరుగుతా."

సింగారి అదంతా చూసింది. ఆమె కూడా ఆటలో వెనక వరసే, గోలుకి దగ్గర్లోనే నిలబడుద్ది.

ఈల మోగింది. చిట్టిబాబు బంతి తీసుకుని గాల్లో తేలుతున్నట్టు వచ్చాడు. పానకాలు ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, పక్కకి జరిగాడు. గోలు! గుట్ట దద్దరిల్లింది. సింగారి గట్టు వైపు చూసింది. అక్కడ దూడ ఏమీ తెలియనట్టు మేస్తోంది.

కప్పలు ఏడుపు మొహం పెట్టినయ్. "అత్తా, మేం కూడా అరుస్తాం. వాళ్ళ గొంతు వినపడకుండా చేస్తాం."

"వద్దు. మీరు గమ్మునుండండి. వాళ్ళనే పాడనీండి."

మడుగు వైపు చడీచప్పుడు లేదు. గుట్ట వాళ్ళ గొంతొక్కటే ఖంగుమంటోంది. గోలు పడ్డ సంతోషం, ఎదురు చెప్పేవాడు లేడు, ఎగతాళి చెయ్యడమంటే చిన్నప్పటి నుంచీ అలవాటు. మడుగు గోల్లో ఎవడుంటే వాడినే తిట్టాలని వాళ్ళకి నేర్పింది కూడా పానకాలే. ఒక ముంగిస కుర్రాడు మొదలెట్టాడు.

"పానకాలు, పానకాలు! కాళ్ళు చూస్తే నూలుపోగులు!
తోక చూస్తే చీపురుకట్ట! వాడి ఊరు చందా బుట్ట!"

పానకాలు మొదట నవ్వాడు. మన పిల్లలేగా, సరదాకి అంటున్నారనుకున్నాడు. రెండోసారికి నవ్వు తగ్గింది. మూడోసారి గాలయ్య కూడా గొంతు కలిపాడు.

"సింగారత్తా, వింటున్నావా వాళ్ళేమంటున్నారో?"

"నాకు సరిగా వినపడ్డంలా నాయనా. ఏమంటున్నారు?"

"నా కాళ్ళు నూలుపోగులంట!"

"అయ్యో పాపం. అయినా పాట మాత్రం బాగా కట్టారు. ఎవరు నేర్పారో!"

"నా తోక... నా తోక చీపురుకట్టంట! ఆ ముంగిసగాడికి నడక నేర్పింది నేను!"

"పోనీలే. నీకు చేతకాదని వాళ్ళకి తెలుసు. తెలిసిందే పాడుతున్నారు."

పానకాలు తోక నిజంగానే చీపురుకట్టలా లేచింది. అంతలో తన వైపు వచ్చిన బంతిని చూసి పక్కకి జరగలేదు. తలతో పొడిచాడు. గుట్ట వైపు "ఓయ్!" అన్నారు. "అన్నా, జరుగుతానన్నావు కదా!" అని చిట్టిబాబు అరిచాడు. "ముందు వాళ్ళ నోళ్ళు మూయించు, తర్వాత జరుగుతా!" అని పానకాలు అరిచాడు. నోళ్ళు మూతపడలేదు, ఇంకా పెద్దవయినయ్. ఇంకో బంతి వచ్చింది. దాన్ని పొట్టతో ఆపాడు. ఈలోపు అటు చివర మడుగు జట్టు పంది ఒకడు, నలుగురిని తోసుకుంటూ పోయి, బంతితో పాటు తను కూడా గోల్లో పడ్డాడు. సమానం!

కొంగ మేష్టారు ఈల ముక్కుకి ఆనించుకున్నాడు. చివరి దెబ్బ. చిట్టిబాబు ఒంటరిగా దూసుకొచ్చాడు. అడ్డం పోబోయిన సింగారి కాలు జారి కూలబడింది. ఇక మధ్యలో ఎవరూ లేరు.

"అన్నా, జరుగు!"

పానకాలు గుట్ట వైపు చూశాడు. ఆ ముంగిస వెనక్కి తిరిగి, తోక ఊపుతూ, అతని నడక నడిచి చూపిస్తున్నాడు. గుట్టంతా పడీ పడీ నవ్వుతోంది.

బంతి గాల్లో లేచింది. పానకాలు కూడా లేచాడు. ఆ బంతిని పళ్ళతో పట్టుకుని దబ్బున కింద పడ్డాడు. ఈల మోగింది.

గట్టు మడుగుదే. కప్పలు ఇంతసేపూ బిగబట్టిన అరుపంతా ఒక్కసారి అరిచినయ్. సింగారి లేచి, బురద దులుపుకోకుండానే దూడ వైపు చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

చిట్టిబాబు పానకాలు మీదికొచ్చాడు. "ఎంత పని చేశావన్నా! గట్టు పోగొట్టావు కదా! కాలు జారిందని చెప్పు, కనపడలేదని చెప్పు, గుట్ట వాళ్ళు క్షమిస్తారు."

చెబితే అయిపోయేది. కానీ పానకాలుకి ఆ పట్టు పట్టిన మత్తు ఇంకా దిగలేదు.

"కాలు జారడమేంట్రా? చూశావా లేదా ఎట్టా పట్టానో? నువ్వు కుడి పక్కకి కొడతావని నాకు ముందే తెలుసు. ఇట్టా లేచి, ఇట్టా తిరిగి..."

గుట్ట వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, అతన్ని అక్కడే వదిలేసి గుట్టెక్కిపోయారు. గాలయ్య కూడా పండ్ల వెంట పోయాడు. పానకాలు అటు తిరిగి చెప్పబోతే వినేవాళ్ళు లేరు. ఇటు తిరిగితే కప్పలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నయ్.

"ఇంకోసారి చెప్పు నాయనా, నేను పడిపోయి ఉన్నా, సరిగా చూడలా" అంది సింగారి, మొహం మామూలుగా పెట్టుకుని. "ఎట్టా పట్టావు?"

పానకాలు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ బంతి కొంచెం పెద్దదయింది, గాల్లో అతను ఎగిరిన ఎత్తు కొంచెం పెరిగింది. చెబుతూ చెబుతూ వాళ్ళ వెంట ఎప్పుడు మడుగు దాకా నడిచి కూర్చున్నాడో, మోకాళ్ళ దాకా మడుగు బురదలో ఉన్నానన్న సంగతి అతనికే తెలియదు.

ఇందులో తెలుసుకోవాల్సిందేమిటంటే, పక్కవాళ్ళని వెక్కిరిస్తూ పాట కట్టేవాడు, అదే పాట తన మీద పాడితే ఓర్చుకోగలడో లేదో ముందే చూసుకోవాలి.