పులిహోరలో నలుగురి ఉప్పు

మా నాయనమ్మ చెప్పేది: ఒక రాజుగారి గుడి వంటశాలకు చెంగల్రాయుడు కొత్తగా అధికారి అయ్యాడు. మహా మేధావి! "పనివేళ ఎవరూ నోరు విప్పకూడదు," అని ఆజ్ఞ వేశాడు.

నైవేద్యానికి ముందు రుచి చూడకూడదు కదా, అందుకని వంటవాళ్ళు ఉప్పు వేయగానే పైకి చెప్పుకునేవారు. ఇప్పుడు చెప్పేదెలా? నలుగురూ తలోసారి పులిహోరలో ఉప్పు వేశారు.

ప్రసాదం తిన్న రాజుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. భక్తితో కాదు.

"వంటపెద్ద పేరయ్యదే తప్పు ప్రభూ! పనిలోంచి తీసేయండి," అన్నాడు చెంగల్రాయుడు.

పేరయ్య చేతులు కట్టుకున్నాడు. "మేం తలా ఒక్కసారే వేశాం ప్రభూ. మా నోళ్ళు కట్టేసి నాలుగుసార్లు వేయించిన ఘనత అయ్యగారొక్కరిదే."

రాజుగారు నవ్వారు. ప్రసాదం పారేయకూడదు కదా, మిగిలిన గంగాళాన్ని చెంగల్రాయుడి ముందే పెట్టించారు. పాపం, నోరెత్తకుండా తిన్నాడు.