షట్టరు మీది ఎర్ర అక్షరాలు

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు దర్శి పిండిమర గంగులు. పిండిలో నూక కలపడు, మాటలో నీళ్ళు కలపడు. కాబట్టి ఇంకెవరు ఇంకో రకంగా చెప్పినా నమ్మకండి.

దర్శి బస్టాండు వెనక కాశీవిశ్వం అని పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేసేవాడు ఒకడుండేవాడు. చేతిలో పని ఉంది గానీ, తప్పు తనదని ఒప్పుకునే నోరు మాత్రం లేదు. పక్క కొట్లో నాగుల్ మీరా మోటార్ల వైండింగ్ చేసేవాడు. మీరాకు అక్షరం ముక్క రాదు. అయినా కాలిన మోటారు విప్పి రాగితీగ రంగు చూశాడంటే, అది ఎందుకు కాలిందో, ఎవరి తొందర వల్ల కాలిందో చదివినట్టు చెప్పేవాడు. అతని కొట్లో ఒక కట్టుబాటు ఉండేది. మోటారు తెచ్చినవాడు తానేం చేశాడో ముందు చెప్పాలి. "నేనేం ముట్టుకోలేదు భాయ్" అన్నవాడి మోటారు అరుగు మీదే కూర్చునేది. నిజం చెప్పాకే మీరా స్క్రూ విప్పేవాడు.

కాశీవిశ్వం షాపులో కరెంటు పని అంతా చేసింది ఈ మీరానే.

ఆ ఏడు వైశాఖంలో పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు పడ్డాయి. ఒక్కో వీడియో తయారు కావడానికి కంప్యూటరుకు ఒక పూట పట్టేది. కాశీవిశ్వానికి ఓపిక లేకపోయింది. ఫోనులో ఎవరో చెప్పింది విని, కంప్యూటరు లోపలి లెక్కలు మార్చి దాని వేగం పెంచాడు. మొదటిరోజు అది బాగానే పరుగెత్తింది. మర్నాడు పొద్దున్నే ఇంకాస్త పెంచాడు. అంతే. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మాత్రం కాటుక పెట్టినట్టు నల్లగా ఉండిపోయింది.

పెళ్ళివారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమయ్యా, మా వీడియో ఏదీ?"

"నాదేం లేదండీ. పక్కాయన వేసిన వైరింగ్ బాలేదు. కరెంటు ఎక్కువొచ్చి కొట్టేసింది" అన్నాడు కాశీవిశ్వం.

అక్కడితో ఆగినా బాగుండేది. వచ్చినవాళ్ళందరికీ చెప్పలేక షట్టరు మీద ఎర్రరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు: "నాగుల్ మీరా చేసిన కరెంటు పని వల్ల కంప్యూటరు కాలిపోయినది."

మీరా గంగులును పిలిచాడు. "ఏం రాశాడు? నా పేరేనా?"

"నీ పేరే భాయ్." గంగులు చదివి వినిపించాడు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు.

"ఇంకోసారి."

మూడోసారికి ఆ మాటలు మీరాకు కంఠతా వచ్చేశాయి. ఆ మధ్యాహ్నమే ఒక రైతు వచ్చి, "ఏమనుకోకు భాయ్, నా మోటారు ఒంగోలు తీసుకెళ్తాను" అని తల వంచుకుని ఎత్తుకుపోయాడు. ముప్ఫై ఏళ్ళలో మీరా కొట్లోంచి విప్పకుండా వెనక్కి వెళ్ళిన మొదటి మోటారు అదే.

బజారు పెద్దలు నచ్చజెప్పబోయారు. "పోనీలే భాయ్, ఏదో పొరపాటు జరిగిందను. గొడవ పోతుంది."

"చేస్తే ఒప్పుకుంటా. చెయ్యనిది నేను ఒప్పుకుంటే, రేపు చేసినవాడెవడూ ఒప్పుకోడు" అన్నాడు మీరా. నేరుగా వెళ్ళి కాశీవిశ్వం ముందు నిలబడ్డాడు. "ఒరే కాశీ, ఒంగోలు నుంచి కంప్యూటరు మెకానిక్కును పిలిపించు. నలుగురి ముందు విప్పించు. నా తీగ తప్పని తేలితే, ఈ చేతులతో మళ్ళీ తీగ ముట్టను."

నలుగురూ విన్నాక కాశీవిశ్వం కాదనలేకపోయాడు. మర్నాడు సువార్త అనే మెకానిక్ వచ్చింది. బజారంతా గుమ్మంలో గుమిగూడింది.

"ఏం మార్చావన్నా? ముందు అది చెప్పు" అంది సువార్త.

"నేనేం ముట్టుకోలేదమ్మా."

మీరా గంగులు వైపు తిరిగి, "ఈ పాట నా అరుగు మీద రోజూ వింటా" అన్నాడు.

సువార్త పెట్టె విప్పింది. కరెంటు వచ్చే డబ్బాను మీటరు పెట్టి చూసి, "ఇది బాగానే ఉంది" అంది.

"లోపలి బోర్డు కాలిందేమో చూడమ్మా" అన్నాడు కాశీవిశ్వం.

మీరా అడ్డం వచ్చాడు. "తల్లీ, కరెంటు లోపలికి వచ్చే దారి ఏది?"

"ఈ డబ్బాలోంచే తాతా."

"విన్నావా కాశీ? ఇంట్లోకి దొంగ వచ్చాడంటావు. వీధి తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది. మరి దొంగ ఇంట్లోవాడేగా!"

బజారు గొల్లుమంది. కాశీవిశ్వం మొహం తెరకన్నా నల్లబడింది.

సువార్త చిన్న చిన్న ముక్కలన్నీ తీసి, తుడిచి, ఒక్కొక్కటే మళ్ళీ పెట్టింది. తెర వెలగలేదు. చివరికి కరెంటు తీగ పీకేసి, లోపలున్న రూపాయి బిళ్ళంత బ్యాటరీని గోటితో లేపింది. "పావుగంట ఆగాలి" అంది. అందరికీ టీ వచ్చింది. మీరా తాగలేదు. "నా పేరు మీది నింద పోయేదాకా ఈ షాపులో మంచినీళ్ళు కూడా ముట్టను" అని నిలబడే ఉన్నాడు.

పావుగంట తర్వాత బిళ్ళ పెట్టి మీట నొక్కింది. కంప్యూటరు కుయ్యిమంది. తెర వెలిగింది.

"ఎవరో దీని వేగం శక్తికి మించి పెంచారు. ఆ లెక్కను ఇది ఈ బిళ్ళ బలంతో గుర్తుపెట్టుకుంది. బిళ్ళ తీస్తే మరిచిపోయి పాత దారికొచ్చింది. కాలిపోయినదైతే బిళ్ళ తీసి పెడితే బాగవుతుందా అన్నా?" అంది సువార్త.

కాశీవిశ్వం నేల చూపులు చూశాడు. "కొంచెమే పెంచానమ్మా" అని సువార్తకు మాత్రం వినబడేలా గొణిగాడు. తర్వాత మీరా వైపు తిరిగి, "అయిందేదో అయింది, మరిచిపో భాయ్" అన్నాడు.

"యంత్రం మరిచిపోయింది. నేను మరవను. నా పేరు ఎంత పెద్దగా రాశావో, నీ తప్పు అంత పెద్దగా రాయి."

కాశీవిశ్వం రాయలేదు. ఎర్ర అక్షరాల మీద నీలంరంగు ఒక్క పూత పూసి ఊరుకున్నాడు.

నెల తిరక్కుండానే వాళ్ళింట్లో బోరు మోటారు కాలింది. భుజాన వేసుకుని మీరా దగ్గరికే తెచ్చాడు. "నీళ్ళు లేకపోయినా ఆపకుండా తిప్పాను భాయ్, తప్పు నాదే" అని ఈసారి అడక్కుండానే చెప్పాడు.

"సంతోషం. ఇలాగే కంప్యూటరు తప్పు కూడా నీదేనని షట్టరు మీద రాయి. అప్పుడు విప్పుతా" అన్నాడు మీరా, మోటారును అరుగు మీద పెట్టిస్తూ.

కాశీవిశ్వం మిగిలిన ఎండాకాలమంతా బిందెలు మోశాడు గానీ కుంచె పట్టలేదు. ఆ మోటారు ఇప్పటికీ ఆ అరుగు మీదే ఉంది. పెళ్ళివారు వేరే షాపు చూసుకున్నారు. ఒంగోలు వెళ్ళిన రైతు మాత్రం మోటారుతో సహా మీరా దగ్గరికే తిరిగొచ్చాడు.

అయితే ఎండ ఏటవాలుగా పడినప్పుడు నీలంరంగు కింద ఆ ఎర్ర అక్షరాలు ఈనాటికీ కనిపిస్తాయి. బస్సు కోసం నిలబడిన కొత్తవాళ్ళు చదివి, "ఎవడా మీరా?" అనుకుంటారు. అందుకని అక్షరం వచ్చినవాళ్ళెవరైనా దర్శి వెళ్తే, ఒక కుంచె పట్టుకెళ్ళి ఆ రాత సరిదిద్దండి. తప్పు కాశీవిశ్వానిదని పైన రాసి, కింద ఈ నీతి కూడా రాయండి: చాటున ఒప్పుకున్న తప్పు ఒప్పుకున్నట్టు కాదు, నలుగురిలో వేసిన నింద నలుగురిలోనే తుడవాలి.