ఏడు దూది తోకలు

అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. అడవిలో బడి ఏమిటని అడగకండి. పిల్లలున్న చోట బడి ఉంటుంది, బడి ఉన్న చోట ఒక మాస్టారు ఉంటాడు. ఇంకో మాట కూడా ముందే చెబుతున్నాను. ఈ కథ చివర అందరూ నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళరు.

ఆ బడి మాస్టారు ఒక గిజిగాడు. గడ్డిపోచలతో గూడు అల్లే పిట్ట. అంత పనితనం ఉన్న ముక్కు ఆ అడవిలో ఇంకొకటి లేదు. పోచను ముక్కుతో పట్టుకుంటే చాలు, అది ఏ గడ్డో, ఎన్నాళ్ళ కిందట కోసిందో చెప్పేవాడు. ఏ పాఠమైనా సరే, బొమ్మ చేయించి చెప్పేవాడు. చేత్తో చేసింది పిల్లలు మరిచిపోరని ఆయన నమ్మకం. అది తప్పేమీ కాదు.

ఏటా తొలకరి వేళకు ఏనుగు పెద్దమ్మ తన మందను తీసుకుని ఏటి అవతలికి వెళ్ళేది. దారి బడి పక్కనుంచే. ఆమె వచ్చే రోజున పిల్లలు చేసిన బొమ్మలన్నీ మాస్టారు దారి పక్కన పెట్టించేవాడు. ఒక ఏడు పాము పాఠానికి నారతో పాములు పేని పెట్టించాడు. పెద్దమ్మ తీగలనుకుని తొక్కుకుంటూ పోయింది. మరో ఏడు తాబేలు పాఠానికి మట్టితో తాబేళ్ళు చేయించాడు. పెద్దమ్మ రాళ్ళనుకుని పక్కకు తప్పుకుంది. మూడో ఏడు మాస్టారు గట్టిగా అనుకున్నాడు, ఈసారి పెద్దమ్మ ఆగి తీరాలి అని.

ఆ ఏడు పాఠం ఉడుత.

ఉడుత ఎందుకంటే, ఒక పుస్తకం దొరికింది. అడవి అంచున ఉన్న బంగళాకు షికారుకు వచ్చిన మనుషులెవరో దాన్ని వదిలి వెళితే కాకి తెచ్చి ఇచ్చింది. నిండా ఉడుత బొమ్మలే. ఎర్రటి ఉడుత, పొడవు చెవులు, వీపు మీద గొడుగులా లేచిన లావు తోక. ఒక బొమ్మలో చుట్టూ తెల్లటి మంచు.

కుందేలు పిల్ల పచ్చిక పుస్తకంలోకి తొంగి చూసింది. "మాస్టారూ, మన ఉడుత పిన్ని ఇలా ఉండదు. తోక సన్నగా ఉంటుంది. వీపు మీద మూడు చారలుంటాయి."

"పుస్తకం చేసినవాళ్ళకు తెలియదా?" అన్నాడు మాస్టారు.

"పిన్నిని అడుగుదామా?"

అడిగే పని లేకపోయింది. ఉడుత పక్క కొమ్మ మీదే ఉంది. నోట్లో సగం కొరికిన ఇప్పపండు. అది మింగి, "నేనిక్కడే ఉన్నాను గదా, నన్ను చూసి చేయించండి మాస్టారూ" అంది.

"నువ్వు ఒకచోట కూర్చుంటావా? ఒక బొమ్మ అయ్యేలోపు నాలుగు చెట్లు మారుస్తావు."

"కూర్చుంటే నా ఇల్లు ఎవరు చూస్తారు? పిల్లలు పుట్టి ఆరు రోజులైంది. ముగ్గురు. కళ్ళు కూడా తెరవలేదు. ఇంతలో తిని, అంతలో పోవాలి."

"మరి ఇంకేం చూసి చేయమంటావు?"

"పరుగెత్తేటప్పుడే చూడండి. ఉడుతంటే అదే" అంది ఉడుత.

కోతిపిల్ల కొమ్మన్న మధ్యలో దూరాడు. "పిన్నీ, నీ వీపు మీద ఆ గీతలు ఎవరు గీశారు?"

"మా అమ్మకూ ఉండేవి, మా అమ్మమ్మకూ ఉండేవి. నీ వెనకాల ఆ ఎరుపు ఎవరు పూశారో చెప్పు, అప్పుడు నా గీతల సంగతి చెబుతాను."

పిల్లలంతా నవ్వారు. ఉడుత అప్పటికే మూడో చెట్టు మీద ఉంది.

మాస్టారు పుస్తకం తెరిచి పెట్టి పని మొదలెట్టించాడు. మోదుగాకులు పుల్లలతో కుట్టి ఒళ్ళు చేశారు. గురివింద గింజలు తుమ్మజిగురుతో అంటించి కళ్ళు పెట్టారు. చీపురు పుల్లలు గుచ్చి మీసాలు చేశారు. బడిలో ఏడుగురు పిల్లలు, ఏడు బొమ్మలు. అన్నీ బాగా కుదిరాయి. తోకలే మిగిలాయి.

పుస్తకంలో తోక లావుగా, మెత్తగా ఉంది. గడ్డితో చేస్తే చీపురు కట్టలా వచ్చింది. నారతో చేస్తే ఎలుక తోకలా వచ్చింది.

"దూది కావాలి. బూరుగు దూది తెండి" అన్నాడు మాస్టారు.

పిల్లలు బూరుగు చెట్ల కిందంతా వెతికారు. బూరుగు కాయలు పగిలేది నడి ఎండల్లో. దూదంతా ఎప్పుడో గాలికి పోయింది. అవసరమున్నవాళ్ళు అప్పుడే ఏరి దాచుకున్నారు. పిల్లలు వట్టి డొప్పలు పట్టుకుని తిరిగొచ్చారు.

"రేపు పొద్దున్నే పెద్దమ్మ వస్తోంది. తోకలేని ఉడుతల్ని చూపిస్తామా? తెలివి ఉన్నవాళ్ళు ఎక్కడో ఒకచోట తెస్తారు" అని మాస్టారు విసుక్కున్నాడు.

మధ్యాహ్నం దాటాక కొమ్మన్న గెంతుకుంటూ వచ్చాడు. రెండు చేతుల నిండా దూది.

"మాస్టారూ, చూశారా. తెలివి ఉన్నవాడు తెచ్చాడు."

మాస్టారు దూదిని ముక్కుతో అందుకున్నాడు. అందుకోగానే ఆయనకు తెలిసిపోయింది. చెట్టు మీంచి రాలిన దూది విడివిడిగా, పొడిగా ఉంటుంది. ఇది గుండ్రంగా ఒదిగి ఉంది, చిన్న గిన్నెలా. ఒకవైపు ఇంకా వెచ్చగా ఉంది. గూళ్ళు అల్లే జాతివాడికి గూటి లోపలి పరుపు ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా?

"బాగుంది" అన్నాడంతే.

ఏడు తోకలకు పంచుతూ ఉంటే కొమ్మన్న మళ్ళీ దగ్గరికి వచ్చాడు. ఈసారి గెంతలేదు. "తునికి చెట్టు మీద ఒక గడ్డి ఉండలో దొరికింది మాస్టారూ. చీల్చి తీశాను. అడుగున ఎర్రగా మూడు ఏవో కదిలాయి. చలేస్తుందేమోనని పైన రెండు ఆకులు కప్పాను. అవేమిటి మాస్టారూ?"

మాస్టారి ముక్కు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తోక చుట్టడం మొదలెట్టింది.

"ఏవో పురుగులై ఉంటాయి. నువ్వు జిగురు కలుపు" అన్నాడు.

పచ్చిక చెవులు నిటారుగా లేచాయి. "మాస్టారూ, తునికి చెట్టు మీద ఉడుత పిన్ని ఇల్లు కదా?"

"అయితే ఏం? ఆమె ఇంకోటి అల్లుకోగలదు. రేపు పెద్దమ్మ వెళ్ళగానే దూది మనమే తిరిగిచ్చేద్దాం. ఒక్క పూటకు ఏమవుతుంది?"

"ఇప్పుడే ఇచ్చి రానా?" అన్నాడు కొమ్మన్న.

"రేపన్నాను కదరా."

పెద్దవాళ్ళు రేపంటే పిల్లలు నమ్ముతారు. కొమ్మన్న జిగురు కలపడానికి వెళ్ళాడు.

సాయంత్రానికి పడమట మబ్బు లేచింది. గాలి చల్లబడింది. దూరంగా ఒకటి రెండు ఉరుములు. మాస్టారు బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా బడి పక్కనున్న పెద్ద బండ చూరు కిందికి మోసుకెళ్ళాడు. చినుకు తగలకుండా టేకాకులు కప్పాడు. గాలికి ఆకులు లేవకుండా రాళ్ళు పెట్టాడు. బండకు నాలుగు రెక్క ఊపుల దూరంలో తునికి చెట్టు ఉంది. అక్కడినుంచి ఉడుత అరుపు వినిపిస్తూనే ఉంది. కిచ్ కిచ్ కిచ్ అని, ఆపకుండా. అప్పుడైనా ఒక తోక విప్పి ఇచ్చి రావచ్చు. విప్పితే మళ్ళీ చుట్టాలి, తెల్లవారితే పెద్దమ్మ వస్తుంది.

మాస్టారు తన గూట్లోకి వెళ్ళి పడుకున్నాడు. ఆయన గూడు గట్టిది. చుక్క కూడా లోపలికి రాదు.

వాన తెల్లవార్లూ కురిసింది.

పొద్దున్న ఆకాశం తేరుకుంది. మాస్టారు బొమ్మల మీది టేకాకులు తీశాడు. ఒక్క తోక కూడా తడవలేదు. ఏడు ఉడుతలనూ దారి పక్కన వరసగా నిలబెట్టాడు. పిల్లలు వెనక నిలబడ్డారు. పచ్చిక మాత్రం మాటిమాటికీ తునికి చెట్టు వైపు చూస్తోంది. అటునుంచి ఏ చప్పుడూ లేదు.

ఏనుగు పెద్దమ్మ వచ్చింది. ముసలిదైపోయింది, నడక నెమ్మది. బొమ్మల దగ్గరికి రాగానే ఆగింది.

మాస్టారు ఒక్క గంతులో ముందుకు వచ్చాడు. మూడేళ్ళుగా ఆయన ఎదురుచూసింది దీనికోసమే.

"ఇవేమిటి మాస్టారూ?" అంది పెద్దమ్మ.

"ఉడుతలు పెద్దమ్మా. పిల్లలకు ఉడుత గురించి చెప్పాను. పుస్తకం చూసి వాళ్ళే చేశారు."

"బాగున్నాయి. ఏదీ, చూడనీ" అని పెద్దమ్మ ఒక బొమ్మను తొండంతో ఎత్తింది. ఆమె చూపు ఎప్పుడో మందగించింది. ఏదైనా వాసన చూసే తెలుసుకునేది. తోక దగ్గర తొండం ఆగింది. ఇంకో బొమ్మను ఎత్తింది. దాని తోకా వాసన చూసింది. మూడో బొమ్మను ఎత్తలేదు. వంగి తొండం ఆనించింది, అంతే.

"ఈ దూదికి పాలవాసన వస్తోంది" అంది పెద్దమ్మ.

ఆమె తొండం మళ్ళీ తోక మీదికి వచ్చింది.

"పచ్చి పాలవాసన. చంటిపిల్లల పక్క ఇది. ఎవరి పక్క మాస్టారూ?"

మాస్టారు ఒక బొమ్మ మీసం సర్దడం మొదలెట్టాడు.

"నేనే తెచ్చాను పెద్దమ్మా. ఉడుత పిన్ని గూట్లోంచి. నాకు తెలియదు" అన్నాడు కొమ్మన్న.

"నీకు తెలియదు. సరే. ఇది ముక్కుతో చుట్టిన తోక. చుట్టినవాడికీ తెలియదా?"

పెద్దమ్మ ఆ మాట ఎవరి వైపూ తిరిగి అనలేదు. అందరూ మాస్టారి వైపే చూశారు.

అప్పుడు ఉడుత చెట్టు దిగింది. రోజూ పరుగెత్తే ఉడుత, ఆ పూట నడిచి వచ్చింది. ఒళ్ళంతా తడిసి చారలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తోక తడిసిన దారంలా ఉంది. ఎవరినీ తిట్టలేదు. బొమ్మల వరస దగ్గరికి వెళ్ళి మొదటి బొమ్మ తోక పట్టుకుని లాగింది. దూది ఊడివచ్చింది. రెండో బొమ్మ తోకా లాగింది. రెండింటినీ కలిపి నోటితో పట్టుకుంది.

"అంతా తీసుకో తల్లీ. అన్నీ నీవే" అంది పెద్దమ్మ.

ఉడుత దూదిని కింద పెట్టింది. "ముగ్గురికైతే ఏడు తోకలూ కావలసి వచ్చేవి. ఒక్కడికి ఇది చాలు" అంది.

మళ్ళీ దూది నోట పట్టుకుని వెళ్ళిపోయింది. ఐదు బొమ్మలు తోకలతో, రెండు తోకలు లేకుండా అలాగే నిలబడి ఉన్నాయి.

మాస్టారు వెనకే ఎగిరాడు. "ఉడుతమ్మా, నీకు కొత్త ఇల్లు నేను అల్లి ఇస్తాను. చుక్క దూరదు. ఇంత గట్టిగా ఎవరూ అల్లలేరు."

"మీకు అల్లడం వచ్చని నాకు తెలుసు మాస్టారూ. నిన్న కూడా వచ్చుగా" అంది ఉడుత. ఆ తరవాత ఆయనతో మాట్లాడలేదు.

మిగిలిన పిల్లవాణ్ణి దూదిలో చుట్టి, మెడ దగ్గర నోటితో పట్టుకుని, ఆ సాయంత్రమే వంగిన తీగల మీదుగా ఏరు దాటింది. మళ్ళీ ఆ ఒడ్డుకు రాలేదు. ఆమె పోయాక మిగతా ఉడుతలూ ఒక్కొక్కటే పోయాయి. బడి పక్క చెట్ల మీద ఇల్లు కట్టుకోవడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది?

మాస్టారు ఇప్పటికీ పాఠాలు చెబుతాడు. ఉడుత పాఠం వచ్చినప్పుడు పుస్తకం తీయడు. తోకలేని రెండు బొమ్మలూ ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెబుతాడు. దూది తెచ్చింది పిల్లవాడని చెప్పడు. "నా ముక్కుకు తెలుసు, నేను ఊరుకున్నాను" అని చెబుతాడు. కొత్త పిల్లలు వింటారు. విని, ఉడుత ఎలా ఉంటుందని అడుగుతారు. పచ్చిక నేల మీద మూడు గీతలు గీసి చూపిస్తుంది.

కొమ్మన్న ఇప్పుడు పెద్ద కోతి. ఏటా నడి ఎండల్లో బూరుగు కాయలు పగిలే వేళకు దూది ఏరుతాడు. తునికి చెట్టు కొమ్మల మధ్య, వానకు తడవని చోట పెట్టి దిగిపోతాడు. మళ్ళీ ఎండలు వచ్చేదాకా ఆ దూది అక్కడే ఉంటుంది. పాతది తీసి కొత్తది పెడతాడు.

ఇంతవరకు ఎవరూ తీసుకోలేదు.

నీతి: తెలియక తీసిన చెయ్యి చేసే చెడు కంటే, తెలిసి మూసుకున్న నోరు చేసే చెడు పెద్దది. ఇప్పుడు చెప్పాల్సిన మాటను రేపటికి దాచకూడదు.