బార్లీ బుట్టలో కత్తి

గ్రీకు దేశపు దీవుల్లో ఒకదానిలో, పూర్వం జరిగిన సంగతి ఇది. సముద్రానికి ఎదురుగా ఒక కొండ, కొండమీద అమ్మవారి గుడి, గుడి ముందు రాతి బలిపీఠం.

అక్కడి మనుషులకు ఒక ఆచారం ఉండేది. బలిపశువు నెత్తిన నీళ్లు చల్లేవారు. అది తల వంచితే చావడానికి ఒప్పుకున్నట్టు. వంచకపోతే వదిలేయాలి, ఒప్పుకోని ప్రాణాన్ని అమ్మవారు ముట్టదట. అయితే మనిషి తెలివి ఊరుకుంటుందా? పశువు కాళ్ల దగ్గర బార్లీ గింజల బుట్ట పెట్టేవారు. తినడానికి వంగినా ఒప్పుకున్నట్టే లెక్క. కత్తి ఆ గింజల కిందే ఉండేది.

మెలాన్ అనే ముసలి ఎద్దుకు ఇదంతా తెలుసు. పన్నెండేళ్లు పొలం దున్నింది, గుడికి కట్టెల బండి లాగింది.

ఆ ఏడు వానలు పడలేదు. యజమాని అమ్మవారికి మొక్కుకున్నాడు. "తెల్ల పెయ్యను ఇద్దాం. అది తల వంచకపోతే ముసలిది ఉండనే ఉంది. దాని మెడ ఎలాగూ నిలవదు" అని భార్యతో అనడం మెలాన్ చెవిన పడింది. ఆ మాట నిజమే. కాడి మోసి మోసి ఆ మెడ ఇప్పుడు దాని మాట వినడం లేదు. కాసేపు నిలబడితే చాలు, తనంతట తనే వాలిపోతుంది.

సాయంత్రం నక్క వచ్చింది. బలి జరిగినప్పుడల్లా పారేసే పేగులతోనే దాని కడుపు నిండేది.

"మామా, పెయ్యకు అంతా నేర్పి వచ్చాను. 'కొత్త బార్లీ పెడతారు, వంగి తిను, మెడలో దండ వేసి ఇంటికి పంపేస్తారు' అన్నాను. పిచ్చిది, మెలాన్ తాతను అడిగి తింటానంది."

"నన్ను అబద్ధం చెప్పమంటావా?"

"అయ్యో, ఎంత మాట! నీ నోట అబద్ధమా? ఊరికే నెమరు వేస్తూ ఉండు, చాలు. మాట్లాడకపోతే అది అబద్ధం ఎలా అవుతుంది? ఆపైన నీ మెడ సంగతి నేను చెప్పాలా?"

నక్క వెళ్లిపోయింది. మెలాన్ నెమరు ఆగిపోయింది. చావంటే దానికి భయమే. తడిసిన మట్టి వాసన ఇంకొక్కసారి చూడాలని దాని ఆశ. నక్క మాటలో తప్పెక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. అదే దాన్ని ఎక్కువ బాధపెట్టింది.

తెల్లవారాక లెవ్కి అనే ఆ తెల్ల పెయ్య వచ్చింది. "తాతా, బుట్టలో బార్లీ తినొచ్చా?"

మెలాన్ మొదట దూరంగా సముద్రం వైపు చూసింది. తర్వాత పెయ్య కళ్లలోకి చూసింది. ఆ కళ్లను చూశాక నోరు మూసుకోవడం దానివల్ల కాలేదు.

"తినకమ్మా. గింజల కింద కత్తి ఉంటుంది. నీళ్లు చల్లినా తల దించకు."

"నేను దించకపోతే?"

"నన్ను నిలబెడతారు."

"మరి నీ మెడ, తాతా..."

"తెలుసు. నువ్వు మాత్రం దించకు."

బలిపీఠం ముందు నీళ్లు చల్లినా లెవ్కి తల దించలేదు. పూజారి దాని తాడు విప్పి, మెలాన్‌ను పీఠం ముందు నిలబెట్టాడు. నీళ్లు చల్లాడు. నీళ్లు కళ్లలోకి కారాయి. మెడ వణికింది.

పీఠం వెనక దాక్కున్న నక్క గుసగుసలాడింది. "దించెయ్ మామా! ఇంకెన్నాళ్లు బతుకుతావులే."

తల జానెడు వాలింది. మరో జానెడు వాలేలోగా దవడ కింద వెచ్చగా ఏదో తగిలింది. లెవ్కి వచ్చి తన వీపు ఆనించి నిలబడింది. కాడికి అవతలి వైపు జోడు ఎద్దు నిలబడినట్టు నిలబడింది. తల అక్కడే ఆగిపోయింది.

పూజారి చాలాసేపు చూశాడు. చివరికి కత్తి ఉన్న బుట్టను ఎత్తి పక్కన పెట్టాడు. "అమ్మకు ఈసారి నెత్తురు అక్కర్లేదు. రొట్టె, తేనె పెట్టండి."

పేగులు లేవు. ఆకలికి ఆగలేక నక్క రొట్టె కోసం బయటికి దూకింది. గుడికి కాపలా ఉండే రెండు కుక్కలు దాని మీదపడ్డాయి. దుమ్ము లేచింది.

"చంపకండి! నా కాలు పీఠం మీద ఉంది!" అని అరిచింది నక్క. శరణు కోరి పీఠాన్ని ముట్టుకున్న ప్రాణిని ఎవరూ తాకకూడదు. అదీ అక్కడి ఆచారమే.

"దుమ్ములో మాకు కనబడలేదు. పెద్దాయనా, నువ్వు పక్కనే ఉన్నావు, చూశావా?" అని అడిగింది పెద్ద కుక్క.

నక్క మెలాన్ వైపు చూసింది. అబద్ధం ఆడక్కర్లేదు, ఊరికే నెమరు వేస్తే చాలు. నిన్న ఆ కిటుకు నేర్పింది తనే.

మెలాన్ ఎక్కువసేపు ఆలోచించలేదు. "చూశాను. మీరు పట్టుకోకముందే దాని కాలు పీఠం మీద ఉంది."

కుక్కలు వదిలేశాయి. నక్క నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. మెలాన్‌ను ఒకసారి చూసింది. తల దించుకుని కొండ దిగిపోయింది.

ఒకరి ప్రాణం మన మాట మీద నిలిచి ఉన్నప్పుడు, నోరు మూసుకోవడమూ అబద్ధమే.